ముప్పై ఏడో వచనం దగ్గర ఆపేస్తే ఎలా?

మా తెలుగు సహవాసం ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఒక అమెరికన్ చర్చి హాల్లో జరుగుతుంది. పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక హాలు మాకు అద్దెకిస్తారు. డిసెంబరు 31న మాత్రం రాత్రి పదింటికి మొదలుపెట్టి పన్నెండు దాటాక ముగిస్తాం. కొత్త సంవత్సరం రాగానే ఒక పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి తిప్పుతారు. ఒక్కో కార్డు మీద బైబిల్లోంచి ఒక వాగ్దానం అచ్చేసి ఉంటుంది. ఎవరి చేతికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు వాళ్ళకిచ్చిన మాట అని నమ్మకం. మన ఊళ్ళల్లో చర్చికి వెళ్ళేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. బీరువా తలుపుకి అంటించేవాళ్ళున్నారు, పర్సులో పెట్టుకునేవాళ్ళున్నారు. ఇక్కడైతే ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెడతాం, అంతే తేడా.

క్రైస్తవులు కాని మిత్రులు ఇక్కడే చదవడం ఆపేయకండి. ఇది మతప్రచారం కాదు. నేను పాస్టరునీ కాను, పండితుణ్ణీ కాను. వారం పొడుగునా క్లయింటు చెప్పిందానికీ కోడు చేసేదానికీ పొంతన కుదర్చడం నా పని. ఒక పాత పాట గురించి, దాన్ని మేం సగమే చదువుకుంటున్న తీరు గురించి నాకో ఫిర్యాదుంది. అది చెప్పుకుందామని.

రెండేళ్ళ క్రితం అలా పళ్ళెం తిప్పినప్పుడు మా సహవాసంలో ఒక కుర్రాడికి 89వ కీర్తన 34వ వచనం వచ్చింది. విజయవాడ అబ్బాయి, నన్ను "అన్నా" అంటాడు. పేరు ఇక్కడ అనవసరం, తమ్ముడు అనే అంటాను. తాను చేసిన నిబంధనను దేవుడు మీరడనీ, నోరుదాటిన మాటను మార్చడనీ ఆ వచనం భావం. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాడికి ఇంతకంటే మంచి కార్డు ఏముంటుంది? అందరం అదే అన్నాం. నేనూ అన్నాను.

మార్చిలో అతని ప్రాజెక్టు పోయింది. హెచ్-1బి వాళ్ళకి ఉద్యోగం పోతే అరవై రోజులు గడువన్న సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ అరవై రోజులూ రోజుకి పది చోట్లకి రెజ్యూమె పంపాడు. ఇంటర్వ్యూలయ్యాయి, ఆఫరు రాలేదు. మే నెలలో సామాన్లు సర్దేశారు. మొగుడూ పెళ్ళాం, ఇక్కడే పుట్టిన మూడేళ్ళ పాప.

వెళ్ళే ముందు ఆదివారం హాల్లోనే అందరం తలో వంటకం తెచ్చి భోజనాలు పెట్టుకున్నాం. తింటుండగా మా పెద్దాయన ఒకరు తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "దేవుడి వాగ్దానం ఎప్పుడూ తప్పదు బ్రదర్. నెరవేరలేదంటే లోపం మన విశ్వాసంలోనే ఎక్కడో ఉంది, పరీక్షించుకోవాలి" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు వెళ్ళేది ఆయనే. ఓదార్పుగానే అన్నారు. తమ్ముడు తలూపాడు. ఆ అమ్మాయి పాపకి పెరుగన్నం పెడుతూ తల ఎత్తలేదు. నేను పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనలేదు. అనడానికి నా దగ్గర మాట లేదు కూడా.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిలు తీసి 89వ కీర్తన మొదటినుంచీ చివరిదాకా చదివాను. సండే స్కూలు నుంచీ ఈ కీర్తన మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు. 38వ వచనం మీద మాత్రం ఒక్కటీ వినలేదని ఆ రాత్రే తెలిసింది. ఆ తర్వాత దొరికిన వ్యాఖ్యానాలు చదివాను. ఇక రాసేది ఆ చదువులోంచి నాకర్థమైనది.

కీర్తనలు మొత్తం 150. వాటిని ఐదు భాగాలుగా కూర్చారు. 73 నుంచి 89 దాకా మూడో భాగం, అంటే మనం మాట్లాడుకునేది ఆ భాగంలో ఆఖరిది. ఎజ్రాహీయుడైన ఏతానుది అని పైన రాసి ఉంటుంది. సొలొమోను తెలివి ఎంతటిదో చెప్పడానికి రాజుల మొదటి గ్రంథం కొందరు జ్ఞానుల పేర్లు చెబుతుంది, వాళ్ళలో ఈ ఏతాను ఒకడు. వచనాలు 52. పాట మూడు ముక్కలుగా నడుస్తుంది. మొదటి పద్దెనిమిది వచనాలు స్తుతి. దేవుడు సముద్రాన్ని అణిచాడనీ, రాహాబు అనే జలరాక్షసిని నలగ్గొట్టాడనీ, తాబోరు హెర్మోను కొండలు ఆయన పేరు చెప్పుకుని సంతోషిస్తాయనీ. 19 నుంచి 37 దాకా దేవుడు దావీదుకి రాజరికం గురించి ఇచ్చిన మాట. 38 నుంచి మూడో ముక్క. దాని సంగతికి తర్వాత వద్దాం.

ఆ మాట పుట్టిన చోటు సమూయేలు రెండవ గ్రంథం ఏడో అధ్యాయం. దావీదు దేవదారు మేడలో కూచుని, దేవుడి మందసం డేరాలో ఉందే, ఆయనకో ఇల్లు కడదాం అనుకుంటాడు. నాతాను ప్రవక్త ద్వారా వచ్చిన జవాబు ఏమిటంటే, నువ్వు నాకు ఇల్లు కట్టడమేమిటి, నేనే నీకు ఇల్లు కడతాను అని. హీబ్రూలో బయిత్ అంటే ఇల్లు. గుడికీ అదే మాట, వంశానికీ అదే మాట. మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. "ఇల్లు నిలబెట్టాడు" అంటే మనం గోడల గురించి మాట్లాడుతున్నామా? 1993లో ఇజ్రాయెల్ ఉత్తరాన తెల్ దాన్ తవ్వకాల్లో ఒక విరిగిన శాసనం దొరికింది. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దం నాటి ఒక అరామీయ రాజు తన గెలుపులు చెప్పుకుంటూ వేయించింది. అందులో యూదా రాజ్యాన్ని "దావీదు ఇల్లు" అనే పిలిచాడు. శత్రువు నోట కూడా అదే పేరన్నమాట.

89వ కీర్తన ఆ మాటని ఇంకా పెద్దది చేసి చెబుతుంది. దావీదు దేవుడికి పెద్దకొడుకు, భూరాజులందరికంటే పైవాడు. అతని కుడిచెయ్యి నదుల మీద ఉంటుంది. శత్రువులు అతన్ని గెలవలేరు. సూర్యుడున్నంత కాలం సింహాసనం ఉంటుంది, చంద్రుడి లాగా స్థిరంగా ఉంటుంది. ఇది చదవగానే తెలుగువాడికి గుర్తొచ్చే మాట "ఆచంద్రార్కం". మన రాజులు గుడికో బ్రాహ్మడికో మాన్యమిచ్చినా, చెరువు తవ్వించినా, శాసనంలో సూర్యచంద్రులున్నంత కాలం అని చెక్కించేవారు. కాకతీయ రాజ్యం 1323లో పోయింది. సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు, రాళ్ళు కూడా ఉన్నాయి. మనం ఆ రాళ్ళ ముందు నిలబడి "అయ్యో" అనుకుని ఫోటో తీసుకుని వచ్చేస్తాం. ఈ కవికి అలా వచ్చేయడం కుదరలేదు. అతనికి మాటిచ్చింది రాజు కాదు, దేవుడు.

ఇక్కడ రెండు మూడుసార్లు చదివితే గాని కనబడని సంగతొకటుంది. 30 నుంచి 33 దాకా ఒక నియమం ఉంది. దావీదు కొడుకులు ధర్మశాస్త్రం తప్పితే దేవుడు కర్రతో కొడతాడు, కానీ కృప మాత్రం తీసెయ్యడు. తప్పు చేసినవాడికి శిక్ష ఉంటుంది, మాట మాత్రం రద్దు కాదు. మిగతా చోట్ల ఇలా ఉండదు. 132వ కీర్తనలో ఇదే రాజరికం గురించి చెబుతూ, నీ కొడుకులు నా నిబంధన పాటిస్తే అని ఒక షరతుంది. రాజుల మొదటి గ్రంథంలోనూ ఆ షరతుంది. 89లో లేదు. కావాలనే ముందుగా మూసేసిన తలుపు అది.

ఇక 38వ వచనం. ఒక్కసారిగా స్వరం మారిపోతుంది. నువ్వు తోసేశావు. నువ్వు నిబంధన కొట్టేశావు. నువ్వు కిరీటాన్ని మట్టిలో పడేశావు. గోడలు నువ్వే పడగొట్టావు, కోటలు నువ్వే పాడుచేశావు. వరసగా అన్నీ దేవుడి మీదే. దోచుకున్నవాళ్ళున్నారు, ఎగతాళి చేసిన ఇరుగుపొరుగు వాళ్ళున్నారు, కానీ శత్రువు పేరు ఒక్కటీ లేదు. బబులోను అని లేదు, నెబుకద్నెజరు అని లేదు.

నేను సాఫ్ట్‌వేరు వాణ్ణి కాబట్టి నాకు తోచిన పోలిక చెబుతాను, నవ్వుకోండి. మేం బగ్ నమోదు చేసేటప్పుడు రెండు గళ్ళుంటాయి. ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్ అని ఒకటి, యాక్చువల్ రిజల్ట్ అని ఇంకొకటి. మొదటి గడిలో ఒప్పందంలో ఏం రాసుకున్నామో పొల్లుపోకుండా రాయాలి. రెండో గడిలో నిజానికి ఏం జరిగిందో రాయాలి. కోపం, ఏడుపు, ఊహాగానం ఏమీ ఉండకూడదు. ఈ కవి చేసింది అచ్చం అదే. పైన, నిబంధన మీరను అన్నాడు. కింద, నిబంధన కొట్టేశావు. పైన, దావీదు కుడిచేతిని నదుల మీద ఉంచుతాను అన్నాడు. కింద, పగవాళ్ళ కుడిచేతిని పైకెత్తావు. పైన, సింహాసనం సూర్యుడంత కాలం అన్నాడు. కింద, సింహాసనాన్ని నేలకి కొట్టావు. మా పెద్దాయన చెప్పిన వాగ్దానాన్ని కవి ఆయనకంటే బాగా, ఆయనకంటే పూర్తిగా చెప్పాడు. ఎందుకు చెప్పాడంటే, ఫిర్యాదు గట్టిగా ఉండాలంటే ముందు ఒప్పందం గట్టిగా చదవాలి.

ఇది ఏ సంఘటన గురించి? అందరికీ మొదట తోచేది క్రీ.పూ. 586. కొందరు 587 అంటారు. నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును కూల్చింది. ఆఖరి రాజు సిద్కియాని రిబ్లాకి పట్టుకెళ్ళి, అతని కళ్ళముందే కొడుకుల్ని చంపి, ఆ తర్వాత అతని కళ్ళు పీకేశారు. అయితే ఈ కీర్తనలో గుడి కాలిపోయిందని గానీ జనాన్ని చెర పట్టారని గానీ ఎక్కడా లేదు. అందుకని క్రీ.పూ. 609లో మెగిద్దో దగ్గర యోషీయా చనిపోయినప్పటిది అన్నవాళ్ళున్నారు, ఇంకా పాతది అన్నవాళ్ళూ ఉన్నారు. యౌవన దినాలు తగ్గించావు అన్న అర్థం వచ్చే 45వ వచనం చూస్తే నాకు యెహోయాకీను గుర్తొస్తాడు. రాజుల గ్రంథం లెక్క ప్రకారం పద్దెనిమిదేళ్ళకి రాజయ్యాడు, మూడు నెలలు ఏలాడు, క్రీ.పూ. 597లో బబులోనుకి చెరపట్టుకుపోయారు. ముప్పై ఏడో ఏట గానీ జైలు వదల్లేదు. వదిలాక బబులోను రాజు తన బల్ల దగ్గర భోజనం పెట్టాడు, అక్కడున్న మిగతా ఓడిపోయిన రాజుల కుర్చీలకంటే ఇతని కుర్చీ కాస్త ఎత్తుగా వేయించాడు. దావీదు సింహాసనం చివరికి అయింది అది. బబులోను తవ్వకాల్లో దొరికిన మట్టిపలకల మీద ఈ యూదా రాజుకీ అతని కొడుకులకీ రేషనుగా ఇచ్చిన నూనె లెక్కలున్నాయి. 1939లో అచ్చయ్యాయి. పరాయి దేశంలో నెల నెలా కొలిచి ఇచ్చే నూనె మీద బతికిన రాజు. విదేశంలో ఉన్న మనబోటివాళ్ళకి ఈ పలకల గురించి చదివితే ఎక్కడో తగుల్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. 38 నుంచి 51 దాకా ఎన్నిసార్లయినా వెతకండి, "మేం పాపం చేశాం" అన్న మాట లేదు. ఇది చిన్న విషయం కాదు. ఎందుకంటే బైబిల్లోనే ఆ వివరణ తయారుగా ఉంది. రాజుల రెండవ గ్రంథం ఈ పతనానికంతటికీ మనష్షే పాపాలు కారణమని సూటిగా రాసింది. కవికి అది తెలియక కాదు, ఆ దారి మూసుకుపోయింది గనక. కొడుకులు తప్పు చేసినా మాట పోదని దేవుడే అన్నాడని నాలుగు వచనాల్లో చెప్పాక, ఇక "తప్పు మాదే" అని దేవుణ్ణి కాపాడే అవకాశం కవికి లేదు. మా పెద్దాయన తమ్ముడితో అన్నమాట ఉంది చూశారూ, ఆ మాట ఈ కీర్తన అనదు. అనడానికి వీల్లేకుండా కట్టుకుంది. కార్డు మీద 34వ వచనం అచ్చేసి, చేతికిచ్చి, అది నెరవేరకపోతే నీ విశ్వాసం చూసుకో అనడం ఆ కీర్తనకే ఎదురు తిరగడం.

ఇలా మాట్లాడితే చర్చిలో కొందరికి భయం వేస్తుంది. ఆ భయం పాతదే. పన్నెండో శతాబ్దంలో స్పెయిన్ దేశపు యూదు పండితుడు ఇబ్న్ ఎజ్రా ఈ కీర్తనకి వ్యాఖ్యానం రాస్తూ, తమ దేశంలో గొప్ప భక్తుడైన ఒక పండితుడు ఉండేవాడని చెబుతాడు. దేవుడి మీద ఇంత కఠినమైన మాటలున్నాయి కాబట్టి ఆయన ఈ కీర్తన చదివేవాడు కాదట, చదువుతుంటే వినేవాడూ కాదట. ఆయన్ని నేను గౌరవిస్తాను. నచ్చలేదు, చదవలేదు, అంతే. మనం అలా కాదు. నచ్చిన ముక్క కత్తిరించుకుని మిగతాది లేనట్టు ఉంటాం. ఇది తెలుగువాళ్ళకే ఉన్న జబ్బు అనుకోకండి. మేం అద్దెకుండే చర్చివాళ్ళు వారం వారం చదవాల్సిన వాక్యాలకి ఒక పట్టిక పాటిస్తారు. అమెరికాలో చాలా సంఘాలు వాడేదే. అందులో మూడేళ్ళకోసారి క్రిస్మస్ ముందు ఆదివారానికి ఈ కీర్తన ఇచ్చారు. 1 నుంచి 4, తర్వాత 19 నుంచి 26. మరియకి గబ్రియేలు దూత దావీదు సింహాసనం గురించి చెప్పే లూకా సువార్త భాగం పక్కన చదవడానికి. 38 రాదు. పండగ పూట ఏడుపెందుకు అనుకుని ఉంటారు.

రాజరికం వాగ్దానాన్ని సగం చదివితే ఏమవుతుందో చెప్పడానికి మన కాలానికి దగ్గరదే ఒక ఉదాహరణ ఉంది. ఇథియోపియా చక్రవర్తులు తాము సొలొమోనుకీ షేబ రాణికీ పుట్టిన మెనెలిక్ వంశం వాళ్ళమని, అంటే దావీదు ఇంటివాళ్ళమని చెప్పుకునేవారు. 1955 రాజ్యాంగంలో ఆ మాట చట్టంగానే రాశారు. 1973లో వొల్లో ప్రాంతంలో కరువొచ్చి జనం చచ్చిపోతుంటే రాజభవనం సంగతి బయటికి పొక్కనివ్వలేదు. 1974 సెప్టెంబరు 12న సైనికులు హైలే సెలాస్సీని దింపేసి, ఒక ఫోక్స్‌వ్యాగన్ కారు వెనక సీట్లో కూచోబెట్టి తీసుకెళ్ళారు. వంశావళి పట్టుకున్నవాళ్ళు ఈ కీర్తనలోనే 14వ వచనం పట్టించుకోలేదనిపిస్తుంది నాకు. దేవుడి సింహాసనం నీతి న్యాయాల మీద కట్టింది అని అక్కడుంది. రాజు సింహాసనం ఆ సింహాసనానికి నీడ. వాగ్దానం రాజు జేబులో పెట్టుకుని తిరిగే లైసెన్సు కాదు. ఈ పాటలో దాన్ని చేత్తో పట్టుకుని నిలబడింది ఎవరో చూడండి. ఓడిపోయినవాడు. ఇచ్చినవాడికే చూపించి అడుగుతున్నాడు.

అడగడం అంటే నమ్మకం పోవడం అనుకుంటాం. ఇక్కడ కవి చేసిన ఒక లెక్క చెప్పాలి. హీబ్రూలో హెసెద్ అనే మాటని మన తెలుగు బైబిల్లో కృప అంటారు. ఎమునా అనే మాటని విశ్వాస్యత అంటారు, అంటే మాట మీద నిలబడటం. ఈ కీర్తనలో ఆ రెండు మాటలూ సరిగ్గా ఏడేసి సార్లు వస్తాయి. ఆరుసార్లు స్తుతిలోనూ వాగ్దానంలోనూ వస్తాయి. ఏడోసారి రెండూ కలిసి 49వ వచనంలో వస్తాయి. అక్కడ కవి అడుగుతున్నాడు, అప్పటి ఆ కృపలన్నీ ఎక్కడ ప్రభూ, విశ్వాస్యత మీద దావీదుకి ఒట్టు పెట్టావే అని. నమ్మకం లేనివాడు ఆ మాటలు దాచుకుని దాచుకుని అక్కడిదాకా తీసుకురాడు. నమ్మనివాడు అసలు అడగడు, లేచి వెళ్ళిపోతాడు.

మరి జవాబు? 51 దాకా జవాబు లేదు. 52వ వచనం స్తోత్రం, ఆమేన్. అది మూడో భాగాన్ని ముగించడానికి పెట్టింది అంటారు, మిగతా భాగాల చివరా అలాంటివే ఉన్నాయి. అంటే కూర్చినవాళ్ళు ప్రశ్నని అలాగే ఉంచి, దాని పక్కన ఆమేన్ పెట్టారు. ప్రశ్నని తుడిచెయ్యలేదు. నాకు వాళ్ళమీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మా ఆఫీసుల్లో పరిష్కారం కాని టికెట్టుని రిపోర్టులో బాగుండదని మూసేయడం రోజూ చూస్తుంటాను.

ఆ పక్క పేజీ తిప్పితే 90వ కీర్తన. పైన మోషే పేరు. అంటే రాజులు పుట్టకముందు, సింహాసనాలు లేని ఎడారి రోజుల మనిషి. దాని తర్వాత 93లోనూ, 95 నుంచి 99 దాకానూ యెహోవాయే రాజు అన్న పాటలు. 1985లో జెరాల్డ్ విల్సన్ అనే పండితుడు కీర్తనల కూర్పు మీద రాసిన పుస్తకంలో ఈ వరస యాదృచ్ఛికం కాదని వాదించాడు. మూడో భాగం దావీదు రాజరికం కూలడంతో ముగుస్తుంది, నాలుగో భాగం రాజు పోయినా దేవుడు రాజుగానే ఉన్నాడు అని బదులిస్తుంది అని. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం సబబుగానే తోచింది. క్రైస్తవుడిగా నా జవాబు యేసు. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలో నమ్మకమైన సాక్షి, మొదట పుట్టినవాడు, భూరాజులకి అధిపతి అని ఆయన్ని పిలిచిన చోట ఈ కీర్తన మాటలే వినబడతాయి. యూదులు దావీదు చిగురు రావాలని రోజూ తమ ప్రార్థనలో అడుగుతూనే ఉన్నారు. వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. జవాబు తెలిసినవాడు ప్రశ్నని తొందరగా మర్చిపోతాడు. ఇంకా అడుగుతున్నవాడికి అది వచనం వచనమూ గుర్తుంటుంది.

ఒక అభ్యంతరం నాకూ తోచింది. ఈ మాట దావీదుకిచ్చింది కదా, విజయవాడ కుర్రాడి గ్రీన్‌కార్డుకీ దీనికీ ఏం సంబంధం, అసలా కార్డులు అచ్చేయడమే తప్పు అనొచ్చు. అలా అనడం నాకిష్టం లేదు. యెషయా 55వ అధ్యాయంలో ప్రవక్త, దావీదుకి చూపిన ఆ కృపని జనమందరికీ పంచిపెట్టాడు. దాహం వేసినవాళ్ళందరూ రండి అని పిలిచి మరీ. రాజుకిచ్చిన మాటలో మామూలు మనిషికీ వాటా వచ్చింది. మా అమ్మ ప్రతి జనవరిలో ఆ అట్టముక్క కళ్ళకద్దుకుని ఏడాదంతా దాని మీద బతికేది. దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. నేననేది ఒకటే. రాజుకిచ్చిన మాటలో మనకి వాటా ఉంటే, రాజు తరఫున చేసిన ఫిర్యాదులోనూ వాటా ఉంది. 34వ వచనం ఎవరికిస్తామో వాళ్ళకి 49వ వచనం కూడా ఇవ్వాలి. వాగ్దానం నెరవేరనప్పుడు మనిషి దేవుడి ముందు నిలబడి ఏం మాట్లాడాలో అందులో రాసిపెట్టి ఉంది. ఆ మాటలు దాచేసి మనం ఆ కుర్రాడికి ఏమిచ్చాం? "నీలోనే లోపం" అన్న ఒక్క మాట. ఉద్యోగం పోయినవాడికి అది పదిచోట్ల చెప్పనే చెప్పారు, చర్చిలో కూడా చెప్పాలా?

ఆ రాత్రి చదివిందంతా ఆ మర్నాడే ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. వాళ్ళు ఎయిర్‌పోర్టుకి వెళ్ళే హడావిడిలో ఉన్నారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆరు నెలలయ్యాక చేశాను. తమ్ముడు హైదరాబాదులో చేరాడు, జీతం తక్కువే అయినా నెగ్గుకొస్తున్నాడు. సంగతంతా చెప్పి, "ఆ రోజు నేను మాట్లాడాల్సింది, తప్పయిపోయింది" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అన్నా, ఆ వచనాలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా?" అని అడిగాడు. చెప్పాను. రాసుకుంటున్నట్టున్నాడు.

పోయిన డిసెంబరులో మా కమిటీ ముందు ఒక చిన్న కోరిక పెట్టాను. కార్డులు ఎప్పటిలాగే తిప్పండి, కానీ దానికి ముందు ఎవరైనా లేచి 89వ కీర్తన మొత్తం చదవాలి, 52 వచనాలూ అని. పెద్దాయన ఒప్పుకోలేదు. కొత్త సంవత్సరం పూట అలాంటి మాటలు పిల్లల చెవిన పడకూడదు అన్నారు. ఆయనతో నేను గొడవపడలేదు, కానీ ఒప్పుకోనూ లేదు. ఈ డిసెంబరులో మళ్ళీ అడుగుతాను. మెల్లగా చదివినా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, అంతే.

మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో బీరువా మీదో అలాంటి కార్డు ఉంటే, దాని వెనక ఖాళీగా ఉంటుంది. మిగతా వచనాల అంకెలు అక్కడ రాసుకోండి. వద్దనేవాళ్ళుంటే కీర్తనలు కూర్చినవాళ్ళని అడగమనండి. వాళ్ళు తీసెయ్యలేదు.